డబ్బాలో తెచ్చిన సంగటి

హోసూరులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే పాపమ్మకు, ఎదిగిన కూతురు భువన ఒళ్లు వస్తుందన్న భయంతో తిండి మానేసి ముప్పై కిలోలకు చిక్కిపోవడం తలవంపుగా ఉండేది. అడిగినవాళ్లకు టైఫాయిడ్ అని చెప్పేది. చివరికి ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఇన్నాళ్లు ఎండిన ఒళ్లమ్మా. ఒక్కసారిగా పెడితే గుండెకే ముప్పు. మేం కొలిచి ఇచ్చేదే పెట్టండి."

రెండు గంటలకోసారి అరగ్లాసు పాలు. పాపమ్మకు అది ఏ మూలకూ చాలదనిపించింది. మూడో రోజు మధ్యాహ్నం నెయ్యి వేసిన రాగి సంగటి డబ్బాలో దాచి తెచ్చి, ఏడ్చి బతిమాలింది. అమ్మ ఏడుపు చూడలేక భువన కళ్లు మూసుకుని అంతా మింగింది.

మరునాటికి పిల్ల కాళ్లు వాచాయి, గుండె దడదడలాడింది. ఒక్కసారిగా తిన్నందుకు రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయిందని మందు ఎక్కించారు. ఎవరు పెట్టారని డాక్టరమ్మ అడిగితే, "నేనే తెప్పించుకోని తిన్నాను," అంది భువన.

మెతుకు చూస్తేనే భయపడే బిడ్డ తప్పు తన మీద వేసుకుంది. పాపమ్మ తల ఎత్తలేకపోయింది.

"లేదమ్మా, నేనే తెచ్చినాను. అందరూ అడుగుతా ఉంటే సిగ్గయి, బిన్నా, రెండు దినాల్లోనే ఒళ్లు రావాలనుకుంటిని," అంది డాక్టరమ్మతో.

రెండు రోజులకు భువన తేరుకుంది. నర్సు పాలగిన్నె పాపమ్మ చేతికే ఇచ్చింది. ఆమె గ్లాసులో సగం దాకా పోసి, "ఇంతేనా?" అని భయంగా అడిగింది.