అతకని ఎముకతో అల్ ఐన్‌కి

పొద్దున ఆరింటికి అబుదాబి శివార్లలో, మా ఐకాడ్ లేబర్ క్యాంపు ముందు సిటీ బస్సెక్కాను. చంకల్లో కర్రలు, ఎడమ కాలి చుట్టూ ఎముకను పట్టి ఉంచే ఇనుప కమ్మీలు. ఫ్యాక్టరీలో క్రేన్ నుంచి జారిన పైపు మీదపడి మోకాలి కింది ఎముక ముక్కలైంది. గాయానికి పట్టిన చీము ఆపరేషన్లతో ఆగింది కానీ ఎముకలో ఖాళీ మిగిలిపోయింది. కాలు తీసేయడమే మేలన్నాడు డాక్టర్. "ఖలాస్, ఇండియాకు వెళ్లి తీయించుకో" అని మా ముదీర్, అదే మేనేజరు, నేను బస్సెక్కిన రోజుకు మర్నాటి విమానానికి టికెట్ తీయించాడు. ఆ టికెట్ నేను అడగలేదు.

క్యాంపు క్లినిక్‌లో నాకు కట్లు మార్చే నర్సు సలోమిది కాకినాడ వైపు. "మా పిన్ని కూతురు రూతు అల్ ఐన్ యూనివర్సిటీలో ఎముకల మీదే పరిశోధన చేస్తోందండి. ఓసారి కలవండి, పోయేదేముంది?" అంది. అందుకే ఈ ప్రయాణం.

అబుదాబి బస్టాండులో పరాటా, చాయ్ ముగించి ఎనిమిదింటికి అల్ ఐన్ బస్సు పట్టుకున్నాను. బస్సు కార్డులో డబ్బులు ముందే వేయించుకోవాలి, డ్రైవర్ నోట్లు ముట్టుకోడు. కాలు చాపుకోవాలంటే ముందు సీటు అడగండి, ఇస్తారు. పక్కన ఖర్జూర తోటలో పనిచేసే నిజామాబాద్ గంగన్న కూర్చున్నాడు.

"కాలు తీసేస్తరట" అన్నాను.

"మరి నువ్వేమన్నవ్?"

"నేనింకా ఏమనలే."

"కాలు నీది. నువ్వు అనకుంటే ఎవలంటరే?" అన్నాడు.

పదిన్నరకు దిగి, టాక్సీలో యూనివర్సిటీకి వెళ్లాను. రూతు నన్ను కూర్చోబెట్టి ఒక తెల్లని పలచటి గుడ్డ చూపించింది. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని దారాలతో చేసిన నానోఫైబర్ అట.

"సొరతీగకు పందిరేస్తాం కదండీ, ఇదీ అంతే. ఎముక కణాలు దీన్ని పట్టుకుని అల్లుకుంటాయి. ఎముక పెరిగేకొద్దీ ఇది కరిగిపోతుంది."

"నా కాల్ల పెట్టుండ్రి మేడమ్!"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇంకా కుందేళ్ల మీదే చూస్తున్నాం. మనుషులకు పెట్టే అనుమతి రాలేదు. మీకు అబద్ధం చెప్పలేను."

"గట్లయితే కోసుడేనా?"

"అలాగని నేనన్నానా?" అంటూ ఫోన్ తీసింది.

మధ్యాహ్నం దగ్గర్లోని ఆసుపత్రిలో ఆమెకు తెలిసిన ఈజిప్టు సర్జన్ నా ఎక్స్‌రేలు చూసి, కాలివేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. ఆయన ఇంగ్లీషును రూతు తెలుగులో చెప్పింది: "రక్తం బాగా ఆడుతోంది, స్పర్శ ఉంది. తుంటి నుంచి ఎముక తీసి ఖాళీ నింపొచ్చు. చాలా నెలలు పడుతుంది. అతుకుతుందని మాటివ్వలేనంటున్నారు."

"మాట వద్దని చెప్పుండ్రి. ప్రయత్నం చేస్తే సాలు."

వరండాలోంచే ముదీర్‌కు ఫోన్ చేశాను. "రేపు నేను ఎయిర్‌పోర్టుకు రాను. ఈ కాలు మీ పనిలో విరిగింది, ఇక్కడే బాగు చేయించండి. లేదంటే లేబర్ కోర్టులో కలుద్దాం" అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. అరిచి ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే అబుదాబి పొలిమేరలోని మఫ్రఖ్ దగ్గర ముదీరే ఫోన్ చేశాడు. "కోర్టు గొడవ మాకొద్దు. టికెట్ రద్దు చేశాం. ఆ డాక్టర్ పేరేంటి?"

చెప్పాను, ఒక్కో అక్షరం ఒత్తి మరీ.

అల్ ఐన్ రోడ్డు తిన్నగా ఉంటుంది, ప్రయాణం తేలికే. కష్టమనిపించిందల్లా పొద్దున క్యాంపు గేటు దాటేటప్పుడే. ఆ ఈజిప్టు సర్జనే కంపెనీ ఖర్చుతో ఆపరేషన్ చేశాడు, ఎముక అతకడానికి ఏడాది పైనే పట్టింది. కాలు కొంచెం పొట్టిదైంది, కుంటుతూ నడుస్తాను. ఆ నడకతోనే మళ్లీ డ్యూటీలో చేరాను.