గడపకు అడ్డంగా కర్ర

"మీది ఏ ఊరు?" అని అడిగేదాకా ఖమ్మంలో ప్రతి గదీ ఖాళీగానే ఉండేది. భద్రాచలం దాటి అడవి లోపలికి పోవాలని చెప్పగానే, ఆ గదికి అంతకుముందే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లి ఉండేవారు. అలా చాలా వీధులు తిరిగాక ఈ గది దొరికింది. కింద వెనకవైపు మేము, పైన ఇంటివాళ్లు. గది చిన్నది, గాలి రాదు, కానీ పెద్ద దవాఖానాకు అక్కడినుంచి నడిచి పోవచ్చు. మాకు కావలసింది అదే. నా భార్యకు అప్పుడు ఆరో నెల. కాన్పు వానాకాలంలో పడుతుంది. వాగు పొంగితే మా గూడేనికి ఆటో రాదు, అంబులెన్సు అసలే రాదు. ఈ గది పోతే ఆమె పుట్టింటికి పోవలసిందే. ఆ పుట్టిల్లు వాగుకు ఇంకా అవతల.

అందుకని మొదటి రోజునుంచీ నేను జాగ్రత్తగా ఉన్నాను. నీళ్ల క్యాను మూత మీది సీలును ఎవరో విప్పి మళ్లీ అంటించినట్టు కనిపించేది. పాలచుక్కను గోరు మీద వేసి, నిలుస్తుందా జారుతుందా అని చూసేవాణ్ణి. పేరైనా అడగకుండా "అన్నా" అని పిలిచేవాడితో మాట్లాడేవాణ్ణే కాదు.

బడిలో నేను చదివింది పదో తరగతి వరకే. మిగిలినదంతా లైబ్రరీలో సంపాదించుకున్నది. సారపాక కాగితం మిల్లులో వెదురు లారీలు దించే కాంట్రాక్టు కూలీగా ఉన్నప్పుడు, షిఫ్టు అయిపోగానే వంతెన దాటి భద్రాచలం లైబ్రరీకి పోయేవాణ్ణి. అపరాధ పరిశోధన నవలల బీరువా పూర్తిచేసి సైన్సు బీరువాలోకి దిగాను. ఖమ్మంలో మిర్చి గోదాములో స్టోర్ కీపర్ పని నాకు వచ్చిందంటే ఆ చదువు వల్లనే. నగరంలో మోసపోకుండా నిలబెట్టేది కూడా అదేనని నా నమ్మకం.

పైన ఇంటావిడ పెద్దలు కోస్తానుంచి వచ్చి తిరుమలాయపాలెం దగ్గర పొలాలు కొన్నవాళ్లు. మేము సామాను దించిన రోజే ఆమె మెట్ల మీద నిలబడి మూటలన్నీ చూసింది.

"మీ వైపు పూజలూ అవీ ఎక్కువటగా అమ్మాయ్?" అని అడిగింది.

"పండుగకు చేస్తమమ్మా, అందరు చేసినట్టే," అంది నా భార్య.

ఆ జవాబు ఆమెకు సరిపోలేదని నాకు అర్థమైంది. ఎందుకు సరిపోలేదో మాత్రం అర్థం కాలేదు.

మా గూడెంలో తాళాలు లేవు. చేనుకు పోయేటప్పుడు గడపకు అడ్డంగా ఒక కర్ర పెట్టి పోతారు. ఇంట్లో మనిషి లేడు, రావద్దు అని దానికి అర్థం. ఎంత తుంటరి పిల్లలైనా ఆ కర్ర దాటరు. నేను ఖమ్మంలో మంచి తాళం కొని తలుపుకే బిగించాను, లోపలనుంచీ బయటనుంచీ చెవి తిరిగేది. దూరం పోయేటప్పుడు నా భార్య అదే వేసేది. కానీ డాబా మీద బట్టలు ఆరేయడానికో, మూలమీది కొట్టుకో పోయేటప్పుడు వేసేది కాదు. "గింత దానికి తాళమేస్తే పక్కనోళ్లను దొంగలన్నట్టే గదా," అని వెదురుకర్ర అడ్డం పెట్టి పోయేది.

తిరిగి వచ్చేసరికి ఆ కర్ర తలుపు వెనక నిలబెట్టి ఉండేది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

"గాలికి పడ్డదేమో," అంది ఆమె.

"గాలి పడగొడతది. తీసుకపోయి తలుపెనక నిలబెడతదా?"

"ఏం పోలే గదయ్యా!"

ఏమీ పోకపోవడమే నన్ను భయపెట్టింది. దొంగ అయితే ఏదో ఒకటి తీసుకుపోతాడు. ఏమీ తీసుకోకుండా పోయేవాడు ఏదో వెతుకుతున్నాడన్నమాట. నేను చదివిన నవలల్లో ఇలాంటివాణ్ణి పట్టుకునే ఉపాయం ఉంది. గడప దగ్గర పిండి పలుచగా చల్లితే అడుగు ముద్ర పడుతుంది.

అమావాస్య అని సేటు గోదాము తెరవని రోజు ఒకటి వచ్చింది. ఆ పొద్దున మేమిద్దరం దవాఖానాకు చూపించుకోవడానికి బయల్దేరాం. తాళం వద్దన్నాను. బియ్యప్పిండి తెల్లటి టైల్స్ మీద కనిపించడం లేదని అందులో పసుపు కలిపి, గడప పొడవునా చల్లి, పైన కర్ర అడ్డం పెట్టాను.

"ఏందయ్యా గిది, సిన్నపిల్లల ఆట లెక్క!" అంది నా భార్య.

"ఇయాల దొరుకుతరు చూడు," అన్నాను.

మధ్యాహ్నం వచ్చేసరికి పిండి వేసింది వేసినట్టే ఉంది. ఒక్క ముద్ర కూడా లేదు. కర్ర మాత్రం వాకిట్లో దూరంగా పడి ఉంది. మెట్ల మీద ఇంటావిడ, ఆమె వెనక ఇంటాయన మా కోసమే నిలబడి ఉన్నారు.

"ఆగండక్కడ!" అంది ఆమె. "అమావాస్య పూట గడప మీద పసుపు పిండేంటి? ఆ కర్రేంటి? నా కొంపలో ఏం చేస్తున్నారు మీరు?"

"మా ఇంట్లకు ఎవరు వస్తున్నరో పట్టుకుందామని చల్లిన," అన్నాను.

"ఇంకేం, దొరికావు," అన్నాడు ఆయన, భార్యతో.

"మీరు నోరు ముయ్యండి," అని ఆమె నా వైపు తిరిగింది. "అవును, వచ్చాను. రోజూ కర్ర అడ్డం పెట్టి ఏదో కట్టు కడుతున్నారని తీసి లోపల పెట్టాను. నిమ్మకాయలున్నాయేమోనని చూశాను. నిమ్మకాయల్లేవు, పుస్తకాలున్నాయి. ఒకదాంట్లో పుర్రె. ఇంకోదాంట్లో ఆడమనిషి కడుపు కోసి లోపల బిడ్డను చూపించారు. అవేం పుస్తకాలు నాయనా?"

అప్పటికి గానీ నాకు తెలియలేదు, నేను ఎవరో తెలియని మనిషిని అనుమానిస్తున్నన్నాళ్లూ ఆమె మమ్మల్ని చేతబడి చేసేవాళ్లుగా అనుమానిస్తోందని. అది శరీరశాస్త్రమని, నా భార్య కాన్పు గురించి తెలుసుకోవడానికి చదువుతున్నానని చెప్పాను. కటి ఎముక ఎలా ఉంటుందో, బిడ్డ తల ఎటు తిరుగుతుందో చేతులతో చూపించాను. నేను వివరించినకొద్దీ ఆమె ఒక్కో మెట్టు పైకి జరిగింది.

"ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యండి," అంది చివరికి.

నా భార్య ఎండలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"అమ్మా, గా కర్ర అంటే ఇంట్ల మనిషి లేడని. గంతే," అంది.

"ఎవరైనా అలాగే చెబుతారు."

"గట్లనా? అయితే నేనే దాటుత, చూడు. గా పిండిల చెడ్డదేమన్న ఉంటే నా కడుపుల బిడ్డకే తగులుతది గద." అని చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి గడప వైపు నడిచింది.

"వద్దమ్మాయ్! దాటకు!"

ఇంటావిడ అంత వేగంగా మెట్లు దిగుతుందని నేను అనుకోలేదు. వచ్చి నా భార్య జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. లాగే ఊపులో ఆమె పాదమే పిండి మధ్యలో పడింది.

అందరం ఆ పాదాన్నే చూశాం. ముందు నవ్వింది ఆయన. "అయిపోయింది, మంత్రం నీకే తగిలింది. ఇక నీకు నేనే వంట చేసిపెట్టాలి."

"మీ నవ్వు పాడుగాను," అంటూనే ఆమె కాలు ఎత్తి అరికాలు చూసుకుంది. ఆ పిండి తుడవడానికి నా భార్య వంగబోతే వంగనివ్వలేదు. ఆ చేతిని మాత్రం ఇంకా వదల్లేదు.

"ఏమన్న అయిందా అమ్మా?" అని అడిగింది నా భార్య.

"ఏం కాలేదులే. ఎండలో నిలబడకు, నడు లోపలికి."

ఖాళీ చేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని ఆమె అనలేదు. కాన్పు అయ్యేదాకా ఉండండి, తర్వాత చూద్దాం అంది. కర్ర పెట్టకూడదు, ఎంత దగ్గరకు పోయినా తాళమే వేయాలి అంది. పుస్తకాలు బీరువాలో పెట్టి మూయాలి అంది. ఆఖరున, తాళంచెవుల్లో ఒకటి తనకివ్వాలంది.

"నువ్వు గోదాములో ఉన్నప్పుడు నొప్పులొస్తే? ఈ పిల్ల లోపల గడియ పెట్టుకోకుండా తాళమే వేసుకుని పడుకుంటే చాలు, నేను తెరుచుకుని వస్తా," అంది నాతో.

మా గది లోపలికి రావడం అలవాటైన మనిషికి తాళంచెవి చేతికిస్తే ఇక పట్టుకోవడానికి ఏముంటుంది? ఆలోచించి చెబుతానన్నాను. నేను ఆలోచిస్తుండగానే నా భార్య కొంగుముడి విప్పి చెవి ఆమె చేతిలో పెట్టేసింది.

వాళ్లు పైకి పోయాక అడిగాను, అంత తొందరెందుకని.

"నువ్వు ఆలోచించే లోపు నా కాన్పు అయితది," అంది.

సాయంత్రం ఇంటాయన నన్ను గేటు దగ్గరికి పిలిచి, పెద్ద రోడ్డు ఎక్కకుండా సందుల్లోంచి దవాఖానా వెనక గేటుకు పోయే దారి ఒకటి చెప్పాడు. ఆటో కూడా పడుతుందన్నాడు. మర్నాడు గోదాముకు పోయేముందు ఒక్కణ్ణే ఆ సందుల వెంట నడిచి చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఆటో పడుతుంది, దారీ దగ్గరే.