పెరుగన్నం రంగు

మిరప కోతల రోజుల్లో మా ఊళ్ళో ఒళ్ళు గోక్కోని మనిషి ఉండడు. అందుకే మావారు కల్లంలో కాయలు తిరగేసి వచ్చి చేతులూ వీపూ రక్కుకుంటుంటే, కొబ్బరినూనె రాసి ఊరుకున్నాను. మూత్రం ముదురు రంగులో వస్తోందన్నారు. ఎండన పడి తిరిగితే వేడి చేయదా, మజ్జిగ తాగండి అన్నాను. ప్రత్తిపాడు చుట్టుపక్కల మాకు ప్రతి బాధకీ ఓ కారణం సిద్ధంగా ఉంటుంది.

తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. మా అత్తగారు కామెర్లని తేల్చేసి, కొడుకుని తీసుకెళ్ళి ఆకు పసరు పోయించుకొచ్చింది. పసరు తాగితే పత్యం ఉండాలి. ఉప్పు, కారం, నూనె లేకుండా మూడు పూటలా పెరుగన్నమే. పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి, ఒక్క మాటనకుండా తలొంచుకుని తిన్నారు. నాకు మొదట భయమేసింది అప్పుడే.

ఒక ఉదయం ఆయన బాత్రూమ్‌లోంచి వచ్చి గొంతు తగ్గించారు.

"ఏమే, దొడ్డికి తెల్లగా అవుతోంది. సుద్ద కలిపినట్టు."

"ఎప్పట్నుంచండీ?"

"నాలుగైదు రోజులైంది. ఎట్టా చెప్పాలో తెలీక..."

వరండాలో ఉన్న మా అత్తగారి చెవిన పడనే పడింది. "మూడు పూటలా పెరుగన్నం తినేవాడికి తెల్లగా కాక ఎర్రగా అవుద్దా? పసరు పనిచేస్తంది. లోపలున్న పచ్చంతా కడిగేస్తంది," అంది ధీమాగా.

ఆయన ముఖం తేటపడింది. అబద్ధమెందుకు, నాకూ నమ్మాలనే ఉంది. కానీ పసిబిడ్డ గుడ్డలు ఉతికిన చేతులు ఊరుకోవుగా.

"అత్తయ్యా, మన బుడ్డోడు నెలల తరబడి పాలు తప్ప ఏమీ ముట్టలేదు. పాలు తెల్లగా లేవా? వాడికి పసుపుగానే అయ్యేదిగా?"

ఆవిడ లోపలికెళ్ళి కొడుకు చొక్కా తెచ్చి అతని చేతికిచ్చింది. వెంటనే ఆటో పిలిచాను.

గుంటూరులో డాక్టరమ్మ ఆయన కళ్ళు చూసింది, పొట్ట నొక్కింది. పెరుగన్నం సంగతి చెప్తే నవ్వలేదు.

"తిండి తెల్లగా ఉంటే తెల్లగా అవదమ్మా. ఆ రంగు పైత్యరసానిది. లివర్‌లో తయారై, సన్నటి గొట్టంలోంచి పేగులోకి దిగుతుంది. అది దిగకపోతే మలం తెల్లబడుతుంది. ఆగిపోయిన రసం రక్తంలోకి ఎక్కి కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళు దురద పెడుతుంది, మూత్రం ముదురుతుంది."

"ఎందుకు దిగదండీ?"

"లివర్ వాచినా, కొన్ని మందుల వల్లా అవుతుంది. ఆ పసరు మాత్రం ఆపేయండి. గొట్టానికి ఏదైనా అడ్డం పడి ఉండొచ్చు. రాయి కావచ్చు, గడ్డ కావచ్చు. స్కాన్ చూద్దాం."

అన్ని మాటల్లో నాకు వినపడింది గడ్డ ఒక్కటే.

స్కాన్ గది బయట బల్ల మీద కూర్చున్నాం. "కల్లంలో కాయలు ఎవరు తిరగేస్తారే?" అన్నారు. "కాయలు కాలిపోనీండి!" అని అరిచాను. అందరూ ఇటు తిరిగారు. ఆయన నా చేతి మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఆయన్ని లోపలికి పిలిచాక మంగళగిరి స్వామికి మొక్కుకున్నాను. "స్వామీ, మా ఆయన కడుపులో రాయి ఉండాలి. రాయే ఉండాలి. కొండకొచ్చి నీ నోట పానకం పోయిస్తాను." మొగుడి కడుపులో రాయి కావాలని మొక్కుకున్న ఆడది నేనొక్కదాన్నే అయ్యుంటాను. మధ్యలో వేరే ఆలోచన వస్తే ఆ మొక్కు చెడుతుందేమోనని, రాయి, రాయి అని పెదాలు కదుపుతూనే ఉన్నాను.

"రాయేనమ్మా," అంది డాక్టరమ్మ స్కాన్ తెర చూపిస్తూ. నాకు అందులో బూడిద రంగు తప్ప ఏమీ కనపడలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

నోట్లోంచి గొట్టం వేసి ఆ రాయి తీసేశారు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఆయన బాత్రూమ్ తలుపు ఓరగా తీసి, సిగ్గుపడుతూ, "ఒకసారి వచ్చి చూస్తావా?" అన్నారు. చూశాను. పసుపు రంగు. బుడ్డోడి గుడ్డల మీద రంగే. గోడకానుకుని ఏడ్చాను. నా వెనకే వచ్చి తొంగిచూసిన మా అత్తగారు, "ఇంకొన్నాళ్ళు ఆ పెరుగన్నమే పెట్టుంటే..." అంటూ కొడుకు వీపు నిమిరింది.

భయం మాత్రం పోలేదు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఏ రంగని అడుగుతాను. ఆయన విసుక్కుంటారు. విసుక్కోనీండి. చెప్పేదాకా కంచంలో అన్నం వడ్డించను.