గంటస్తంభమెక్కిన ఆవు

భీమారావు గారిని ఎడ్మంటన్ తెలుగువాళ్లెవరూ "ఎలా ఉన్నారు?" అని అడగరు. అడిగితే బాగున్నానని చెప్పి ఊరుకునే మనిషి కాదాయన. చలి గురించి మొదలుపెట్టినా, మోకాళ్ల నొప్పుల గురించి మొదలుపెట్టినా, చివరికి హార్లన్ స్టేట్ యూనివర్సిటీకే చేరుకుంటారు. అమెరికా మైదానాల్లో ఎక్కడో ఉన్న ఆ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆయన కుర్రతనంలో ఎమ్మెస్ చేశారు. తర్వాత ఆల్బర్టాలో పైపులైన్ల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు గానీ, మనసు మాత్రం ఆ క్యాంపస్ దాటి బయటికి రాలేదు.

ఆ విశ్వవిద్యాలయం పుట్టింది టర్నిప్ తోటలోనట. రాష్ట్రానికి వ్యవసాయ కళాశాల కావాలంటే ఎవరో రైతు తన పొలం ఇచ్చాడు. పాఠాలు పశువుల కొట్టంలో మొదలయ్యాయి. మొదటి చలికాలం విద్యార్థులకు టర్నిప్ దుంపలు తప్ప వేరే తిండి దొరకలేదు. అందుకే ఇప్పటికీ స్థాపన దినం నాడు అక్కడ చదివినవాళ్లు ఎక్కడున్నా ఉడకబెట్టిన టర్నిప్ తిని తీరాలి. ఎడ్మంటన్‌లో మాత్రం ఆ దుంప ఆయన భార్య బాలత్రిపురసుందరి గారి చేతిలో పడి, ఇంగువ తాలింపుతో పెరుగుపచ్చడిగా తరించింది.

ఇంతకీ అసలు కథ ఆవుది. ఓ ఏడాది ఆకతాయి విద్యార్థులు ఒక ఆవును గంటస్తంభం పైదాకా మెట్లెక్కించారు. ఎక్కడం ఎక్కింది గానీ దిగనని మొండికేసింది. దాన్నెలా దించారన్నదే చిక్కు. కళ్లకు గంతలు కట్టి దించారని భీమారావు గారు. పచ్చగడ్డి చూపిస్తూ వెనక్కి వెనక్కి నడిపించారని రంగనాథ్ గారు. ఈ రంగనాథ్ గారు ఆయనకు అక్కడ రూమ్మేటు, ఎడ్మంటన్‌లో పొరుగువాడు, పూర్వవిద్యార్థుల ఎడ్మంటన్ శాఖకు రెండో సభ్యుడు. మొదటి సభ్యుడు భీమారావు గారు. మూడో సభ్యుడు లేడు. స్థాపన దినం నాడు కనీసం ఇద్దరు పట్టభద్రులు కలిస్తేనే శాఖ ఉన్నట్టని యూనివర్సిటీ వారి నిబంధన. వాళ్లిద్దరూ ఏటా కలిసేవారు, ఆవు గురించి గొంతులు బొంగురుపోయేలా పోట్లాడుకునేవారు, పచ్చడి తినేవారు.

రెండేళ్ల క్రితం రంగనాథ్ గారు పోయారు. ఆ సంగతి యూనివర్సిటీకి చెప్పడానికి భీమారావు గారికి నోరు రాలేదు. చెబితే శాఖ మూసేస్తారు. శాఖ మూస్తే స్నేహితుణ్ణి రెండోసారి సాగనంపినట్టే. అందుకని "మా శాఖ కళకళలాడిపోతోంది" అని చెప్పుకొచ్చారు. అంత కళ ఉంటే చూసి తీరాలనుకున్నారో ఏమో, యూనివర్సిటీ వాళ్లు ఈ స్థాపన దినానికి మా ప్రతినిధి వస్తున్నారని కబురు పెట్టారు.

భీమారావు గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. తెలుగు సంఘం అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్ గారిని పట్టుకుని బతిమాలారు.

"దానికేం భాగ్యమండీ!" అన్నారాయన. "యూనివర్సిటీ రంగు నారింజే కదా, మనవాళ్లందరికీ నారింజ చొక్కాలు తొడిగి కూర్చోబెడదాం. శాలువా, దండ నేను తెస్తా. సన్మానం చేశాక ఎంక్వైరీ చేసే మనిషి ఇంతవరకు పుట్టలేదు."

తీరా స్థాపన దినమైన ఆ శనివారం పొద్దున్నే ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయింది. ఫిబ్రవరి చలి. "కోట్లతో కూర్చుంటార్లే" అని భీమారావు గారు కుర్చీలు సర్దుకోవడంలో పడ్డారు.

జనం చేరాక, నారింజ రంగు స్వెటర్లో ఒక తెలుగమ్మాయి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"అంకుల్, ఐ యామ్ ఫ్రమ్..." అని మొదలుపెట్టింది.

"ఎక్కడినుంచైతే ఏంటమ్మా, అందరం మనవాళ్లమే," అన్నారు ఆంజనేయప్రసాద్ గారు. "ఆంటీ ఒక్కరే అవస్థపడుతున్నారు. కిచెన్ అటు."

ఆ పిల్ల బుద్ధిగా అటే వెళ్లింది. వెనకే నారింజ జాకెట్టుతో ఆజానుబాహువైన తెల్లాయన గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకేముంది, దండ పడింది. శాలువా కప్పారు. పెద్ద కుర్చీలో కూర్చోబెట్టేశారు. ఆయన నోరు తెరవబోతే "ఆఫ్టర్ ద స్పీచ్, సర్" అని ఆంజనేయప్రసాద్ గారు మైకందుకున్నారు. చలికి పళ్లు టకటకలాడుతుంటే, ఆయన రాకతో ఇల్లంతా వెచ్చబడిందని వేనోళ్ల పొగిడారు. భీమారావు గారు గుండె చిక్కబట్టుకుని, ఆ ఆవు గురించి రెండు ముక్కలు చెప్పమని అతిథిని కోరారు.

ఆయన దండ సవరించుకుని లేచాడు. "చాలా సంతోషం. ఇన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ ఇంత గౌరవించలేదు. మరి ఫర్నేస్ ఎక్కడుంది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

సుందరి గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఆయన్ని పిలిచింది నేనే. మీ అతిథి ఈ అమ్మాయి, తేజశ్రీ. ఇందాకట్నుంచి టర్నిప్పులు తరుగుతోంది," అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "తనే అతిథని నాకేం తెలుసండీ! రంగనాథ్ గారి సంగతి, ఈ చొక్కాల సంగతి అన్నీ చెప్పేశాను."

భీమారావు గారు దొరికిన కుర్చీలో చతికిలబడ్డారు. ఆంజనేయప్రసాద్ గారు ఖాళీ శాలువా సంచిలో ఏదో వెతకసాగారు.

"అమ్మా, వీళ్లందరిలో అక్కడ చదివింది నేనొక్కణ్ణే," అన్నారు భీమారావు గారు. "వాడు పోయాడు. శాఖ మూసెయ్యండి. కాకపోతే ఆ ఆవును కళ్లకు గంతలు కట్టే దించారని మాత్రం నాకోసం రాసుకో తల్లీ. వాడు పోయాక ఈ మాటను కాదనేవాడే లేడు."

తేజశ్రీ గంభీరంగా ఆయన్ని చూసింది. "సారీ అంకుల్, రాంగ్. నో గంతలు. ఆవును అసలు దించలేదు. వింటరంతా పైనే ఉంచి టర్నిప్స్ పెట్టారు. మా డార్మ్‌లో ఎవరినైనా అడగండి."

"పైనే ఉంచారా?" భీమారావు గారు దిగ్గున లేచారు. "అంత ఆవు చలికాలమంతా గంట పక్కన కాపురం పెట్టిందా? ఏ తలమాసినవాడు చెప్పాడు నీకు?"

"నేను నాలుగేళ్లు చదివానంకుల్ అక్కడ!"

"నేనెక్కడ చదివాను, ఎద్దుల కొట్టంలోనా?"

అదిగో, మొదలైంది. హాల్లో వాళ్లు సగంమంది గంతల పక్షం, సగంమంది రంగనాథ్ గారి గడ్డి పక్షం చేరారు. కొత్త పక్షానికి తేజశ్రీ ఒక్కతే, అయినా ఎవరికీ లొంగలేదు. ఈలోగా కింద ఫర్నేస్ గుర్రుమంది. బాగుచేసినాయన శాలువాతోనే వచ్చి పచ్చడి రెండుసార్లు వడ్డించుకున్నాడు.

బొంగురు గొంతుతో భీమారావు గారు కూలబడ్డారు. అప్పుడు గానీ అసలు భయం గుర్తుకు రాలేదు. "మరి... శాఖ సంగతేమిటమ్మా?"

"రూల్ ఏంటంకుల్? ఫౌండర్స్ డే నాడు ఇద్దరు గ్రాడ్యుయేట్స్ కలవాలి. ఇవాళ మనం కలిశాం కదా. ఈ ఇయర్‌కి ఓకే."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. పక్కనున్న ఖాళీ కుర్చీని ఆమె వైపు జరిపారు. రెండేళ్లుగా ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు ఆయన.

"ఈ ఏడాదికే తేలిందనుకుంటున్నావా?" అన్నారు. "ఆవు పైనే ఉందని నిరూపించాలంటే నువ్వు వచ్చే ఏడాది మళ్లీ రావాల్సిందే."