నేనొక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చే చప్పుడు

మగవాళ్ళకి కారు గురించి తెలియని విషయం ఉండదు. మా ఇంట్లో మగవాళ్ళకి మరీను. చప్పుడు వినకముందే కారణం చెప్పేస్తారు. విన్నాక కూడా అదే కారణం చెబుతారు. అసలు చప్పుడే వినపడకపోతే ఇక చెప్పేదేముంది, కారణం పక్కనే నిలబడి ఉంటుంది, చీర కట్టుకుని.

నేను దర్శి అవతల ఒక పల్లెలో బడి పంతులమ్మని. కాపురం ఒంగోల్లో. కారు కొనకముందు తెల్లవారకుండానే బస్సెక్కి, దర్శిలో దిగి, ఆటో నిండేదాకా ఎండలో నిలబడి, పక్కవాళ్ళ సంచులు ఒళ్ళో పెట్టుకుని బడికి చేరేదాన్ని. సాయంత్రం మళ్ళీ అదే భాగోతం. చివరికి నా జీతంతో ఒక పాత చిన్న కారు కొన్నాం. నడపడం నేర్చుకున్నాను. నేర్చుకున్నన్నాళ్ళూ మా ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు.

అయితేనేం, ఆ దారి నాదైపోయింది. పొద్దున్నే అద్దాలు దించుకుని పత్తి చేలూ మిరప చేలూ దాటుకుంటూ పోతుంటే, ఇంట్లోవాళ్ళ కేకలూ ఉండవు, బడిపిల్లల గోలా ఉండదు. గొంతెత్తి కీర్తన పాడుకున్నా శ్రుతి తప్పిందని చెప్పేవాళ్ళు లేరు. నా బతుకులో నాకంటూ మిగిలిన సమయం ఆ కాస్తే. ఒక్క కీచు చప్పుడు వచ్చి దాన్ని కూడా లాక్కుపోబోయింది.

మిరపకాయ కోతల రోజుల్లో మొదలైంది. రోడ్డు మీద ఏ చిన్న గతుకు వచ్చినా కీచుమనేది. ఒకసారి డోరులోంచి అనిపించేది, ఒకసారి నా సీటు కిందనుంచి, ఇంకోసారి నెత్తిమీదనుంచి. డాష్‌బోర్డు మీద గుద్దాను, డోరుకి మోకాలు ఆనించి నడిపాను, నీళ్ళ సీసా తీసి బయటపెట్టాను. అది మాత్రం మానలేదు. బడికి చేరేసరికి తలనొప్పి, దానికి తోడు తుమ్ములు. ఆ రోజుల్లో మా వైపు ఎవరికి తుమ్ములు రావు గనక. ఎక్కడ చూసినా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, గాలే ఘాటు. కాబట్టి దాన్ని పట్టించుకోలేదు.

ఒంగోల్లో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. మా వైపు కారుని పరీక్ష చేయడానికి ఒక్క మనిషి వెళ్ళగా నేను చూడలేదు. ఎవరైనా తాళం తిప్పితే చాలు, చుట్టుపక్కల ఖాళీగా ఉన్నవాళ్ళందరూ డోర్లు తెరిచి ఎక్కేస్తారు. మెకానిక్ స్టీరింగు పట్టుకున్నాడు. మా ఆయన పక్కన కూర్చున్నాడు. వెనక టీకొట్టు యజమానీ, టైర్లు చూపించుకోవడానికి వచ్చిన ఇంకెవరో ఇద్దరూ ఇరుక్కున్నారు. చప్పుడు విన్నది నేనొక్కదాన్నే కదా, నాకు చోటు లేదు. షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాను.

తిరిగొచ్చి, "ఏ చప్పుడూ లేదండీ. మేడంగారు క్లచ్ మీద కాలు ఆనించి నడుపుతున్నట్టున్నారు," అన్నాడు మెకానిక్. టీకొట్టాయన కూడా అవునన్నట్టు తలూపాడు. జన్మలో కారు నడపని మనిషి.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, తాళం అడిగి తీసుకున్నారు. దర్శి దగ్గర పల్లెలో మిరప వ్యవసాయం ఆయనది. సంఘంలో పెద్ద. ఆయన ఏది చెప్పినా మా ఆయనకి బైబిలు వాక్యమే. ఆయనతోపాటు మరో ముగ్గురు పెద్దలు తెల్లచొక్కాలు నలక్కుండా సర్దుకుని ఎక్కారు. ఊరు చుట్టి వచ్చారు. "మా చేతికి ఏ చప్పుడూ రాలేదమ్మాయ్," అన్నారు బావగారు దిగుతూ. పాస్టరు అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ప్రార్థన మీద నాకు గౌరవమే. కానీ బానెట్ మూసిపెట్టి చేసిన పనితో బండ్లు బాగుపడవని ఆయనకి ఎవరూ చెప్పలేదనుకుంటాను.

సోమవారం పొద్దున ఒంగోలు దాటీ దాటకముందే కీచుమంది.

మళ్ళీ ఆదివారం భోజనాల దగ్గర తీర్పు వచ్చింది. "ఒరేయ్, ఈ అమ్మాయి చేతిలో బండి నాశనమైపోద్ది. నాకిచ్చెయ్. పొలం పనికి వాడుకుంటా. అమ్మాయి బస్సులో పోయొస్తది, ఇదివరకు పోలా ఏంటి?" అన్నారు బావగారు.

మా ఆయన కంచంలో అన్నం కలుపుతూనే, "చూద్దాంలే అన్నయ్యా," అన్నాడు. ఆయన "చూద్దాంలే" సంగతి నాకు బాగా తెలుసు. నాతో అంటే కుదరదని, అన్నగారితో అంటే అలాగేనని. వచ్చే ఆదివారం బండి వాళ్ళింటి దగ్గర వదిలిపెట్టేట్టు అక్కడే అనేసుకున్నారు. నా జీతంతో కొన్న బండి గురించి నన్ను అడిగిన మాట ఒక్కటే, ఇంకొంచెం పులుసు పొయ్యమని. ఒళ్ళు మండిపోయింది. పులుసు పోశాను.

ఆ వారంలో ఒక సాయంత్రం బడినుంచి వస్తుంటే, మిరపకోత కూలీలు నలుగురు దారిపక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఆటో చెడిపోయిందట. వాళ్ళలో ఒక పెద్దావిడ చెయ్యెత్తి, "టీచరమ్మా, మా ఊరి అడ్డరోడ్డు దాకా దింపమ్మా," అంది. వెనక సీట్లో నలుగురూ ఒదిగి కూర్చున్నారు. కబుర్లు చెప్పుకుంటూ పోతున్నాం. వాళ్ళు దిగి నేను బండి కదిలించగానే కీచుమంది. అప్పుడు తట్టింది, వాళ్ళున్నంతసేపూ అది నోరెత్తలేదని.

బండి వెనక్కి పోనిచ్చాను. "పెద్దమ్మా, ఏమనుకోకండి, మళ్ళీ ఎక్కండి," అన్నాను.

"ఏంటమ్మా, ఏమన్నా పోయిందా?"

"ఏం పోలేదు. మీరు కూర్చుంటే బండి అరవటం లేదు."

వాళ్ళకి నవ్వాగలేదు. నవ్వుకుంటూనే ఎక్కారు. గతుకులున్న చోట నెమ్మదిగా పోనిస్తూ, ముందుకి వంగమన్నాను. కీచుమంది. వెనక్కి ఆనమన్నాను. ఆగిపోయింది. మళ్ళీ వంగారు, మళ్ళీ అరిచింది. ఒంగోలు మెకానిక్కూ, సంఘ పెద్దలూ, అయ్యగారూ కలిసి తేల్చలేనిది వంగీ లేచీ తేల్చేశాం. ఆ పెద్దమనుషులందరూ వెనక సీట్లో నిండుగా కూర్చుని, ఆ చప్పుడుని తమ వీపులతోనే నొక్కిపట్టి, లేదు లేదన్నారు. నా వెనక ఎవరూ ఉండరు. అందుకే నాకొక్కదానికే వినిపించింది.

బండి పక్కకి ఆపి, వెనక సీటు వీపుకున్న పట్టీ లాగి ముందుకి పడేశాను. ఘాటు గుప్పున కొట్టింది. అందరం వరసగా తుమ్మాం. సీటుని బండికి పట్టి ఉంచే గొళ్ళెం నిండా మిరప తొడిమలూ గింజలూ కూరుకుపోయి ఉన్నాయి. అది పూర్తిగా పడక వదులుగా ఊగుతోంది.

"కార్లో కాయలు మోశారా అమ్మా?" అంది పెద్దావిడ.

నేను మొయ్యలేదు. ఎవరు మోశారో ఆలోచించడానికి ఎంతోసేపు పట్టలేదు. కోతలు మొదలైన కొత్తలో బావగారు పెళ్ళికని బండి తీసుకెళ్ళారు. తిరిగిచ్చినప్పుడు లోపలా బయటా కడిగించి ఇచ్చారు. తిన్న కంచం తీసి పక్కన పెట్టని మనిషి కారు కడిగించి ఇస్తే, ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయాను. నా తెలివి కూడా ఏడ్చినట్టే ఉంది.

ఒక్క గింజ కూడా తియ్యలేదు. సీటు ఎలా ఉందో అలాగే పెట్టి ఇంటికి వెళ్ళాను. మా ఆయనకి చెప్పలేదు. చెబితే "చూద్దాంలే" అంటాడు.

ఆదివారం బండి అప్పగించడానికి వాళ్ళ ఊరు వెళ్ళాం. ఇంటిముందు కల్లం నిండా కాయలు. బావగారు తాళం తీసుకోగానే, ఎప్పట్లాగే పక్కింటివాళ్ళిద్దరు వెనక డోరు తెరిచారు.

"మీరొక్కరే నడిపి చూడండి బావగారూ," అన్నాను.

"ఒక్కణ్ణే ఎందుకమ్మాయ్?"

"రేపట్నుంచి మీ బండే కదండీ. ఒకసారి ఒక్కరే పోయి చూస్తే తెలుస్తుంది."

కాదనడానికి కారణం దొరకలేదు. ఒక్కరే ఎక్కారు. పక్కన ఎవరూ లేకపోతే ఆయనకి స్టీరింగు ఎటు తిప్పాలో కూడా సందేహమే, ఖాళీ సీటు వైపు చూసి మరీ గేరు వేశారు. ఊరి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చారు. అద్దాలు దించి ఉన్నాయి. కల్లం పక్క గతుకుల్లోంచి నెమ్మదిగా వస్తుంటే, కీచు కీచుమని మా అందరికీ వినపడింది. పక్కింటివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"మీరు కూడా క్లచ్ మీద కాలు పెట్టుకున్నారేమో చూడండి," అన్నాను.

"రోడ్డు బాలేదు," అన్నారాయన దిగి.

వెనక డోరు తెరిచి పట్టీ లాగాను. సీటు ముందుకి పడింది. మొదటి తుమ్ము బావగారిదే. కొంగుకున్న పిన్నీసు తీసి, గొళ్ళెంలోంచి తొడిమలు పెకలించి ఒక్కొక్కటే ఆయన ముందు నేలమీద వేశాను. చివర్లో నలిగిపోయిన కాయొకటి బయటికొచ్చింది.

"ఇవి ఎవరి కాయలు బావగారూ?"

"పెళ్ళికి పోతా పోతా సీటు మడిచి రెండు బస్తాలు వేసుకుపోయా. చుట్టాలకేలే," అన్నారు. దొరికిపోయినవాడి గొంతు కాదు. చుట్టాలకిచ్చిన దాత గొంతు.

సీటు వెనక్కి నెట్టాను. గొళ్ళెం టక్కున పడింది. ఆయన్నే మళ్ళీ ఒక్కరే నడిపి చూడమన్నాను. వెళ్ళి వచ్చారు. అదే గతుకుల్లో బండి కిక్కురుమనలేదు.

బండి దిగి తాళం చాచారు. నాకు కాదు. నేను ఎదురుగా నిలబడి ఉంటే, నా తల పక్కనుంచి వాళ్ళ తమ్ముడికి. "ఇదిగోరా. బాగైందిగా, నా దగ్గరే ఉండనీ అంటే ఉంచుతా, నీ ఇష్టం," అన్నారు.

నేను మా ఆయన వైపు తిరిగాను. "చూద్దాంలే" వినడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన నేలమీద తొడిమల వైపు చూశాడు. చెయ్యి చాచలేదు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆమెకివ్వు అన్నయ్యా. బండి ఆమెది," అన్నాడు.

పెళ్ళైనప్పట్నుంచి అన్నగారికి ఆయన ఎదురాడిన మొదటి మాట అది. దాన్ని బయటికి తియ్యడానికి నేను సీటు పడదోసి, ఊరందరినీ తుమ్మించాల్సి వచ్చింది.