ఒక్క బటన్ దావత్

మొన్న ఆదివారం మా ఇంట్ల ఏమైందో చెప్తే మీకు చాయ్ గొంతుల అడ్డం పడ్తది! మటన్ దావత్ అని పిలిచి, వచ్చినోళ్లకు పెరుగన్నం పెట్టి పంపిన మొఖం ఇగో, ఇదే.

జనగామల మా ఆయనది పాల దుకాణం గదా. పాలు, పెరుగు ఇంటికి తెప్పించుకునేటోళ్ల కోసం ఆప్ చేసిచ్చింది నేనే. నా కొలువే అది, ఆప్‌లు చేసుడు. మా బుడ్డోని పుట్టువెంట్రుకల దావత్ పెట్టుకున్నం. మా అత్తమ్మ ఇంటింటికి పోయి బొట్టు పెట్టి పిలుస్త అని కుంకుమ భరిణె సదురుకుంటున్నది. "మోకాళ్ల నొప్పులతోని ఎందుకత్తమ్మా! చుట్టాలను నువ్వు పిలువు, పాలు తీసుకునే గిరాకీలను నేను ఆప్‌ల పిలుస్త" అన్న. పెద్ద ఇంజనీర్‌ను గదా!

ఆప్ తెరవంగనే ఒక పాపప్ వచ్చేటట్టు పెట్టిన. "ఆదివారం మా ఇంట్ల బాబు పుట్టువెంట్రుకల మటన్ దావత్‌కు వస్తున్నరా?" కింద రెండు బటన్లు: "వస్తున్న", "రాను". ఏదో ఒకటి నొక్కకుంట ఎవ్వరు తప్పించుకోవద్దని బ్యాక్ కూడ బంద్ చేసిన. ఏం తెలివి! మురుసుకుంట అత్తమ్మకు చూపెట్టిన.

ఆమె ఫోన్ దూరం పెట్టి చదివి గరమైంది. "ఏందే రజితా గిది? శుభమా అని పిలుసుకుంట 'రాను' అని మనమే రాసిస్తమా? ఎవ్వలన్న మొఖం మీద రాను అంటరా? తియ్యి దాన్ని!"

నిజమే అనిపించింది. తీసేసిన. ఇగ ఒక్క బటనే మిగిలింది. గట్లనే అప్‌డేట్ పంపిన.

తెల్లారి చూస్తే వస్తున్న, వస్తున్న, వస్తున్న! "అత్తమ్మా, జనగామ మొత్తం మనింటికే!" అని ఎగిరిన. అంతల మా ఆయన దుకాణం నుంచి ఫోన్. "రజితా, గిరాకీలు తిడ్తున్నరు. ఆ బటన్ నొక్కితెనే పాలు బుక్ అయితున్నయట. వాళ్లు నొక్కేది పాలకు, దావత్‌కు కాదు!"

మరి ఎందరికి వండాలె? "కూర తక్కువైతే నా ఇజ్జత్ పోతది, చూస్కోండ్రి" అని అత్తమ్మ ముందే అన్నది. నేను, మా ఆయన కూసోని బాగ ఆలోచించి, ఆప్‌ల నొక్కినోళ్లు ఒక్కరు గూడ రారని ఫైనల్ చేసినం. చుట్టాలకు సరిపోను వండించినం. పాపప్ రేపు తీస్త, ఎల్లుండి తీస్త అనుకుంట పనులల్ల మర్చే పోయిన.

ఆదివారం మొదటి బంతి లేస్తుంటే గేటు చప్పుడైంది. చూస్తే రాజయ్య సార్! రిటైరైన టీచర్, రోజు మా దగ్గర్నే పాలు తీసుకుంటడు. ఇంటిల్లిపాదితోని వచ్చిండు. ఆయన ఎనుక ఇంకా జనం!

"సార్... మీరు..." అని నసిగిన.

"ఏం బిడ్డా, రోజు పొద్దుగాల్ల వస్తున్న, వస్తున్న అని మాట ఇస్తనే ఉంటి. ఇచ్చినంక రాకుంటె మంచిగుంటదా?"

రెండో బంతి సగంల ఉండంగనే గంటె గిన్నె అడుగుకు తాకింది. అత్తమ్మ నా దిక్కు చూసింది. నాకు ఏడుపే వచ్చింది, నిజంగ. ఆమె ఇజ్జత్ నా చేతులనే పోయింది గదా. మా ఆయన దుకాణానికి ఉరికి ఉన్న పెరుగంత పట్టుకొచ్చిండు. నేను పోపు పెట్టిన. ఇగ అత్తమ్మనే పెరుగన్నం గిన్నె పట్టుకొని బయటికొచ్చింది. "మా పిల్ల పిలుపు పెద్దగ పిలిచింది, గిన్నె చిన్నది పెట్టింది. ఏమనుకోకుండ్రి" అనుకుంట ఒక్కొక్కరికి వడ్డించింది. అందరు నవ్వుకుంటనే తిన్నరు. నా పానం కుదుటపడ్డది.

తెల్లారి ఆప్‌కు ఒక రివ్యూ వచ్చింది. ఒక్క స్టార్. "పాల కోసం తెరిస్తే దావత్ అన్నరు. దావత్‌కు పోతే పెరుగు పెట్టిండ్రు. ఇయ్యాల పెరుగు కావాలంటె అయిపోయిందంటున్నరు."

సిగ్గుతోని నా ఫోన్ల ఆప్ తెరిచిన. ఎదురుంగ అదే పాపప్. దావత్‌కు వస్తున్నరా? ఒక్కటే బటన్. బ్యాక్ పనిచెయ్యదు.

ఏం చేస్త, నొక్కిన!