పరుపు ఒక రాత్రి మన దగ్గర పండాలె

పోయిన మంగళవారం తెల్లవారుతుండగా మా చిన్నమ్మ ఆదిలాబాద్‌లో చనిపోయింది. ఊపిరితిత్తుల్లో దూది దుమ్ము పేరుకుందని డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నారు. ఆమె వినేది, మందులు తెచ్చుకునేది, మళ్లీ అదే దుమ్ములోకి వెళ్లేది. నేను కరీంనగర్‌లో పత్రికా విలేఖరిని. ఆమె కొడుకు, నాకు తమ్ముడు, ఫోన్ చేశాడు.

“అన్నా, అవ్వ పోయింది.”

ఆ వెంటే ఇంకో మాట అన్నాడు.

“నిన్న నింపిన పరుపులు బయటనే ఉన్నయే అన్నా. ఎవలు సూడాలె?”

తల్లి శవం పక్కన నిలబడి పరుపుల సంగతి అడిగాడని ఎవరైనా తప్పుపట్టవచ్చు. ఆ పరుపుల కార్ఖానా గురించి తెలిసినవాళ్లు పట్టరు. “నేను అస్తున్న. అప్పటిదాక ఎవల్నీ ముట్టనియ్యకు” అని చెప్పి బయలుదేరాను.

చిన్నమ్మ ఈ పని ఇంటి అరుగు మీద మొదలుపెట్టింది. జిన్నింగ్ మిల్లుల్లో మిగిలిన దూది తెచ్చి తలగడ మెత్తలు కుట్టేది. తర్వాత దూది ఏకే మిషన్ వచ్చింది, ఊరి బయట రేకుల షెడ్డు వచ్చింది, పనికి ఆడవాళ్లు వచ్చారు. ఆమె పెట్టుకున్న గురి ఒకటే. జిల్లాలో హాస్టల్ పిల్లలు పడుకునే ప్రతి పరుపూ తన షెడ్డు నుంచి పోవాలి. చిన్నప్పుడు హాస్టల్‌లో చదువుకుంది. అక్కడి పరుపులో ఏముందో చూద్దామని ఒకనాడు విప్పితే చింకిగుడ్డలు, మిల్లు ఊడ్చిన చెత్త, ఒక చచ్చిన ఎలుక కనిపించాయట. ఈ సంగతి ఆమె నవ్వుతూనే చెప్పేది. వినేవాళ్లు నవ్వేవాళ్లు కాదు.

సాయంత్రం పని ఆపేటప్పుడు చివరి పరుపును పూర్తిగా కుట్టనిచ్చేది కాదు. ఒక అంచు సగం కుట్టి, దారం ఎక్కించిన దబ్బనాన్ని అక్కడే గుచ్చి ఇంటికి పోయేది. దబ్బనం అంటే గోనెసంచులు కుట్టే జానెడు సూది. పొద్దున రాగానే చెప్పులు విడిచి, మొదట దాన్నే పట్టుకునేది.

“పొద్దుగాల అచ్చి ఏం జెయ్యాల్నో సోంచాయించొద్దు బిడ్డా. సోంచాయిస్తే చాయ్ తాగబుద్ధయితది. చాయ్ తాగితే ముచ్చట పెట్టబుద్ధయితది. ఇగ అయిపాయె పొద్దు” అనేది.

ఆ దబ్బనం ఒకసారి మా చిన్నాయన తొడలో దిగింది. బజార్లో ఎవరో ఆయనను ‘పరుపులామె మొగడు’ అన్నారు. తాగి వచ్చి, ఒక లాడ్జికి ఇవ్వాల్సిన పరుపులను కత్తితో వరసగా చీల్చాడు. అడ్డం పోయిన చిన్నమ్మ జుట్టు పట్టి తలను గోడకు కొట్టాడు. రెండోసారి కొట్టబోతుండగా ఆమె చేతిలోని దబ్బనం సగం దాకా దిగింది. ఆయన కేకలకు వాడ కదిలింది. నేనూ మా అమ్మా చేరేసరికి ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయారు. చిన్నమ్మ దబ్బనాన్ని కొంగుకు తుడుచుకుని, చీలిన పరుపులు కుడుతూ కూర్చుంది. పాపిట నుంచి నెత్తురు చెంప మీదికి కారుతోంది.

“ముందుగాల నెత్తికి కట్టు గట్టుకోవే చెల్లె” అని మా అమ్మ ఏడ్చింది.

“నెత్తి దానంతల అదే మానుతది. పరుపులు మాన్తయా అక్కా? గా దారం అందియ్యి.”

లాడ్జి వాళ్లు అనుకున్న రోజే పరుపులు తీసుకుపోయారు. చిన్నాయన ఆ తర్వాత ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. ఆయన పోయేదాకా ఆమె అన్నం వండి పెట్టింది, కార్ఖానా గడప మాత్రం తొక్కనివ్వలేదు.

ఇక పరుపులను రాత్రంతా బయట ఉంచే సంగతి. దూదిలో చిన్న ఇనుప ముక్క ఉన్నా అది మిషన్ పళ్లకు తగిలి నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ దూదిలో చేరితే మంట రాదు, పొగ రాదు. పరుపు నడుమ గంటల తరబడి కుంపటిలా రగులుతూ ఉంటుంది. గాలి తగిలిన క్షణాన భగ్గుమంటుంది. అందుకే నింపిన పరుపులను ఆమె వాకిట్లో ఎడం ఎడంగా పరిచి, ఒక్కొక్కదాని మీద అరచెయ్యి ఆనించి వేడి చూసేది. తెల్లవారి మళ్లీ చూసేది. ఆ తర్వాతే బండి ఎక్కించేది. కొన్నవాళ్లు తొందరపెడితే ఒకటే మాట: “పరుపు ఒక రాత్రి మన దగ్గర పండాలె. గప్పుడే దాని మీద ఇంకొకలు పండాలె.” పండడం అంటే మా దిక్కు పడుకోవడం.

ఆమె గురి దగ్గరపడిన ఏడాదే కార్ఖానా మీద దాడి జరిగింది. హాస్టళ్ల పరుపుల కాంట్రాక్టు మొదటిసారి ఆమెకు వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి అది ఒక వ్యాపారి చేతిలో ఉండేది. ఆ వ్యాపారి మీద కేసు కోర్టులో నిలవలేదు కాబట్టి అతని పేరు అప్పుడు వార్తలో రాయలేదు, ఇప్పుడూ రాయను. మొదటి లోడు దాడి జరిగిన మర్నాడే పొద్దున ఒక బాలికల హాస్టల్‌కు చేరాలి. తప్పితే కాంట్రాక్టు రద్దు.

మధ్యాహ్నం అన్నాలు తిని ఆడవాళ్లు పనిలో కూర్చున్నారు. జీపులోంచి కొందరు దిగారు, చేతుల్లో ఇనుప రాడ్లు. మొదటి దెబ్బకు తమ్ముడి తల పగిలింది. ఒకామె పళ్లు రాలాయి. చిన్నమ్మ మిషన్‌కు అడ్డంగా నిలబడింది. ఒకడు రాడ్డు రెండు చేతులా ఎత్తి ఆమె కుడి మణికట్టు మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు మిషన్ రొదలోనూ వినబడిందని అక్కడున్నవాళ్లు పోలీసులకు చెప్పారు. ఆ రాడ్డువాడి మీదికి కుట్టుపని చేసే ఒకామె దూకి, చెవి సగం కొరికి ఉమ్మేసింది. వచ్చినవాళ్లు పరుపులన్నీ చీల్చి, దూదిని నెత్తుట్లో తొక్కి పోయారు. పోతూ పోతూ ఒకడు దూది కుప్పలో పిడికెడు మేకులు చల్లాడు. అది ఎవరూ చూడలేదు.

చిన్నమ్మను ఆసుపత్రికి పంపి ఆడవాళ్లు కొంగులు బిగించారు. “రేపు లోడు టైముకు పోవాలె. గప్పుడే ఆ ముండకొడుకులకు బుద్ధస్తది” అన్నది చెవి కొరికిన అక్క, ఇంకా ఎర్రగా ఉన్న నోటితో. నెత్తురంటిన దూది తీసేసి, మిగిలింది మళ్లీ ఏకి, నింపి, కుట్టారు. మిషన్‌లో ఒకటి రెండుసార్లు ఏదో టంగుమన్నది. ఆ కోపంలో ఎవరూ ఆపలేదు. పొద్దు పొడవగానే తమ్ముడు తలకట్టుతోనే లోడు ఎక్కించి, బండిని పంపి, తల్లి దగ్గరికి పరుగెత్తాడు.

“అవ్వా, లోడు పోయింది. టైముకే పోయింది.”

ఆమె మంచం మీద నుంచి అడిగింది. “రాత్రి పండినయా?”

“లేదవ్వా. రాత్రంత నింపుకుంటనే ఉన్నం.”

“బండి తియ్యి.”

లోడు తీసుకుపోయిన డ్రైవర్ ఫోన్ ఎత్తలేదు. కట్టు కట్టిన చేతిని కడుపుకు అదుముకుని కొడుకు మోటార్‌సైకిల్ వెనక కూర్చుంది. హాస్టల్ చేరేసరికి ఆడపిల్లలు పరుపులు మోసుకుపోయి గదిలో పరుచుకుంటున్నారు. కొందరు వాటి మీద పొర్లుతూ నవ్వుతున్నారు. చిన్నమ్మ వాకిట్లోంచే అరిచింది.

“లేవుండ్రి! బయటికి ఉరుకుండ్రి!”

“ఏందమ్మా నీ లొల్లి? ఇప్పుడే గద దించింది” అన్నది వార్డెన్.

చిన్నమ్మ ఆగకుండా గదిలోకి దూరింది. పిల్లలను జబ్బలు పట్టి, జుట్లు పట్టి బయటికి లాగింది. పరుపు మీంచి లేవనన్న పిల్లను కాలితో తన్నింది. తర్వాత ఒక్కొక్క పరుపునూ వాకిట్లోకి ఈడ్పించి, ఎడమ చేత్తో కత్తి పట్టి చీల్చింది. మొదటి వాటిలో ఏమీ లేదు. ఆ తర్వాతి దాన్ని చీల్చేసరికి లోపల నల్లటి గూడు, అంచున ఎర్రగా పాకుతున్న నిప్పు. గాలి తగిలి మంట మనిషెత్తు లేచింది. ఆమె కత్తి వదల్లేదు. ఎడమ అరచేతి తోలు కత్తి పిడికి అంటుకుపోయింది. అది పిల్లలు పొర్లిన పరుపుల్లో ఒకటి.

తమ్ముడు ఆమెను వెనక్కి లాగితే, ఆ కాలిన చేత్తోనే వాడి చెంప మీద కొట్టింది.

“టైముకు ఇయ్యమన్న రా. నిప్పులు ఇయ్యమన్ననా?”

పరుపులన్నీ ఆ వాకిట్లోనే కాలిపోయాయి. బూడిదలో మేకులు దొరికాయి. కాంట్రాక్టు రద్దయింది. ఆ నెల దాడి, మంట, రెండూ నేనే వార్తలుగా రాశాను. రెండో వార్త రాయడానికే ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే తప్పు మా కార్ఖానాదే.

చేతులు మానాయి గానీ స్పర్శ రాలేదు. కుడి చేతికి మణికట్టు మీద రాడ్డు దెబ్బ, ఎడమ అరచేతికి నిప్పు. దబ్బనం పట్టుకోగలిగింది, వేడి తెలిసేది కాదు. అప్పటినుంచి పరుపు పక్కన మోకాళ్ల మీద వంగి చెంప ఆనించి, కళ్లు మూసుకుని చూసేది. ఆమెను చూసి కార్ఖానాలో అందరూ అట్లాగే నేర్చుకున్నారు. రోడ్డు మీద పోయేవాళ్లు “పరుపులతోని గుసగుసలాడుతున్నరు” అని నవ్వేవాళ్లు. అంగళ్లలో మెత్తలు అమ్ముతూ, బొగ్గుగనుల క్వార్టర్లకు బొంతలు కుట్టిస్తూ కొన్నేళ్లు నెట్టుకొచ్చింది. హాస్టళ్ల పని మళ్లీ ఇప్పించమని అధికారులను అడిగిన మొదటి మనిషి ఆ వార్డెనే.

ఒకసారి కరీంనగర్‌లో కొత్తగా వ్యాపారాలు పెట్టుకున్న పిల్లల సభకు ఆమెను పిలిచారు. ఒక కుర్రాడు లేచి, “అమ్మా, రోజూ పనిచెయ్యాలంటే ఆ పట్టుదల యాడికెల్లి అస్తది?” అని అడిగాడు.

“కోపంల నుంచి బిడ్డా. గాని కోపం పొద్దుగాల లేపుతది అంతే. పొద్దుమీకిదాక పని చేపియ్యది. ఇంకోటి, కోపంల చేసిన పని ఒక రాత్రి పక్కకు పెట్టాలె. మేం పెట్టలే, కాలిపోయినం.”

“మిమ్మల్ని కొట్టినోళ్లను ఏం జేసిండ్రు?”

“అందరు జైలుకు పోయచ్చిండ్రు. ఒకడు నా దగ్గరనే పనిజేస్తుండు.”

హాలంతా నవ్వింది.

“నవ్వకుండ్రి. మంచిగ జేస్తడు.”

నిజమే. రాడ్డుతో ఆమె చెయ్యి విరగ్గొట్టినవాడు శిక్ష ముగిశాక ఎక్కడా పని దొరక్క షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

“ఎందుకచ్చినవ్?” అన్నది చిన్నమ్మ.

“పని గావాలె అమ్మా.”

“దూదిల మేకులు ఎవలు ఏసిండ్రు?”

“నేనే” అన్నాడు.

ఆమె లోపలికి పోయి పెద్ద అయస్కాంతం తెచ్చి వాడి కాళ్ల ముందు పడేసింది.

“గిది పట్టుకొని కూసో. మిషన్‌ల ఏసే ముందుగాల దూదంత ఏరు. ఇనుము ఒక్కటి మిగిలినా నీ రెండో చెవి గూడ ఉండది.”

చెవి కొరికిన అక్క దబ్బనం విసిరికొట్టింది. “ఈనితోని కూసోని బువ్వ తినాల్నా?”

“తినకు. పని చేపియ్యి.”

ఆ సాయంత్రం, వాణ్ని క్షమించావా అని అడిగాను. ఆమె నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. “మాఫ్ జేసుడేందిరా? నాకు మనిషి తక్కువుండె.” రాడ్డు పట్టి వచ్చినవాడని వాడికి రాడన్న అని పేరు పెట్టింది ఆ చెవి కొరికిన అక్కే. చిన్నమ్మ చివరిదాకా వాడితో కలిసి తినలేదు. వాడు ఏరిన దూదిలో మళ్లీ నిప్పు కూడా పుట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి దహనం ముగిసింది. చితి దగ్గరికి రాడన్న రాలేదు, దూరంగా నిలబడ్డాడు. స్నానాలయ్యాక బంధువులు దినాలయ్యేదాకా కార్ఖానాకు తాళం వెయ్యమన్నారు.

“ఏస్తం” అన్నాడు తమ్ముడు. “పరుపులు సూసినంక.”

వాకిట్లో పరుపులు ఎడం ఎడంగా పరిచి ఉన్నాయి. షెడ్డు లోపల సగం కుట్టిన పరుపులో దబ్బనం గుచ్చి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తడి జుట్లతోనే ఆడవాళ్లు వచ్చి తలా ఒక పరుపు పక్కన మోకరిల్లారు. తమ్ముడు ఒకదాని దగ్గర కూర్చున్నాడు. చివరి వరసలో ఒక పరుపు మిగిలింది. చెవి కొరికిన అక్క చుట్టూ చూసి, గేటు దగ్గర నిలబడ్డవాణ్ని పిలిచింది.

“ఏందిర సూస్తున్నవ్? రా.”

అతను వచ్చి వంగాడు. అందరూ చెంపలు ఆనించి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఒక్కొక్కరే “సల్లగుంది”, “సల్లగుంది” అని చెబుతూ లేచారు. చివరి వరసలోంచి మాట రాలేదు. అతను మిగిలిన సగం చెవిని పరుపుకు ఆనించి అట్లాగే ఉన్నాడు. పరుపు చల్లగానే ఉందని అక్క అరచేత్తో చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, తొందరపెట్టలేదు.